నాన్న కిడ్నీ, నాలుగు రంగులు

కిడ్నీ జబ్బు అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఉద్దానం, తర్వాత డయాలసిస్, ఆ తర్వాత "కొబ్బరినీళ్ళు బాగా తాగండి" అనే ఉచిత సలహా. (కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకి కొబ్బరినీళ్ళలోని పొటాషియం ప్రమాదం. అది వేరే కథ లెండి.) ఉద్దానంలో జరిగేది వేరు. అక్కడ ప్రధానంగా పాడయ్యేవి కిడ్నీలోని గొట్టాలు, వాటి మధ్య ఉండే కణజాలం. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, వాపులూ అంతగా ఉండవు, చప్పుడు లేకుండా క్రియాటినిన్ పెరుగుతుంది. నేను చెప్పబోయేది దానికి దాదాపు తిరగేసిన జబ్బు. క్రియాటినిన్ శుభ్రంగా ఉంటుంది, కానీ జల్లెడకి చిల్లులు పడ్డట్టు ఒంట్లో ప్రొటీన్ అంతా మూత్రంలో పోతుంది. పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతీ. మా నాన్నకి వచ్చింది.

నేను డాక్టర్ని కాదు. రోజంతా జావా రాసుకుని పొట్టపోసుకునే జీవిని. కానీ 2024లో ఓ నాలుగు నెలలు, మైక్రోస్కోపు కింద ఈ జబ్బుని ఎలా గుర్తుపడతారు అనే ఒక్క విషయం చుట్టూ మా ఇల్లంతా తిరిగింది. అప్పుడు నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట రాసిపెట్టుకోవాలని చాలా రోజుల్నించి అనుకుంటున్నా.

నాన్నకి 57. గుంటూరు జిల్లాలో ఎరువుల కొట్టు. ఆ ఆగస్టులో పొద్దున్న లేచేసరికి కళ్ళ చుట్టూ ఉబ్బు, సాయంత్రానికి కాళ్ళకి నీరు. చెప్పులు పట్టడం లేదని కొత్త చెప్పులు కొనుక్కున్నాడు మహానుభావుడు! మూత్రంలో నురగ వస్తోందని అమ్మకి చెప్పడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. 24 గంటల మూత్రం పట్టి పరీక్ష చేస్తే 7.2 గ్రాముల ప్రొటీన్. 3.5 దాటితేనే నెఫ్రోటిక్ స్థాయి అంటారు. రక్తంలో ఆల్బుమిన్ 1.9, ఉండాల్సింది 3.5 పైన. షుగరు లేదు, బీపీ మామూలే, క్రియాటినిన్ 1.0. దగ్గర్లోని సిటీలో ఒక ఆసుపత్రిలో బయాప్సీ చేశారు.

బయాప్సీ అంటే కోసేస్తారేమో అని అమ్మ భయం. అంత లేదు. బోర్లా పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ, స్ప్రింగు ఉన్న సూదితో టక్కుమని ఒక దెబ్బ. సేమియా పోగు లాంటి ముక్క వస్తుంది, సెంటీమీటరు, సెంటీమీటరున్నర పొడుగు. అలాంటివి రెండు తీస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం వస్తుందేమో చూస్తారు. కష్టమంతా ఆ కదలకుండా పడుకోవడంలోనే ఉందని నాన్న ఇప్పటికీ అంటాడు.

అసలు మెలిక ఆ సేమియా పోగు బయటికొచ్చాక మొదలవుతుంది. దాన్ని మూడు వాటాలు వెయ్యాలి. ఒకటి ఫార్మలిన్‌లోకి, మామూలు మైక్రోస్కోపు కోసం. రెండోది ఫార్మలిన్ తగలకుండా వేరే ద్రవంలోకి, ఇమ్యునోఫ్లోరసెన్స్ కోసం. మూడోది చిటికెడు ముక్క గ్లూటరాల్డిహైడ్‌లోకి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం. మూడూ మూడు రకాల ప్రశ్నలకి సమాధానం చెబుతాయి, ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. మా నాన్న ముక్కలు రెండూ ఒకే సీసాలో, ఒకే ఫార్మలిన్‌లో వెళ్ళిపోయాయి.

అయిదు రోజులకి రిపోర్టు వచ్చింది. 19 గ్లోమెరులైలు ఉన్నాయి, అన్నీ దాదాపు మామూలుగానే ఉన్నాయి, మినిమల్ చేంజ్ డిసీజ్ అయ్యుండొచ్చు. కింద చిన్న అక్షరాల్లో "ఇమ్యునోఫ్లోరసెన్స్: చెయ్యలేదు". ఆ వాక్యం మేమెవ్వరం పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది మేము కాదు కూడా. రోజుకి 60 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మొదలైంది. మూడు వారాలకి వాపు తగ్గలేదు గానీ, జన్మలో లేని షుగరు 260కి వెళ్ళి కూర్చుంది.

ఇక్కడ కథలోకి మా అక్క వస్తుంది. పెద్దమ్మ కూతురు. పాథాలజీ చదివి హైదరాబాదులో ఒక మెడికల్ కాలేజీలో కిడ్నీ స్లైడులు చూస్తుంది. నాన్నకి బాగాలేదని ఆలస్యంగా తెలిసి, తిట్టడానికి ఫోన్ చేసింది. తిట్లయ్యాక రిపోర్టు ఫోటో పంపమంది. రెండు నిమిషాల్లో మళ్ళీ ఫోన్.

"ఒరేయ్, ఐ.ఎఫ్. చెయ్యలేదా?"

"లేదని రాసుందిగా."

"అది చెయ్యకుండా బాబాయ్ వయసులో మినిమల్ చేంజ్ అని ఎలా అంటార్రా? మామూలుగా కనిపించే గ్లోమెరులస్ అంటే మామూలు గ్లోమెరులస్ అని కాదు. నాకు బ్లాకు కావాలి, వెళ్ళి పట్రా."

బ్లాకు అంటే ఆ ముక్కని మైనంలో పోతపోసిన చిన్న దిమ్మ. అగ్గిపెట్టెకన్నా చిన్నది. అది పేషంటు అడిగితే ఇస్తారని చాలామందికి తెలీదు. ల్యాబువాళ్ళు "అవన్నీ ఇవ్వం సార్" దగ్గర మొదలుపెట్టి, "మేనేజరు లేరు" మీదుగా, చివరికి ఒక ఉత్తరం రాయించుకుని ఇచ్చారు. కొరియర్లో వెయ్యడానికి మనసొప్పక, జిప్‌లాక్ కవర్లో పెట్టి రాత్రి బస్సులో నేనే తీసుకెళ్ళా. ఏసీ బస్సు కాబట్టి మైనం కరగదులే అనుకుని కూడా మధ్యమధ్యలో తడిమి చూసుకున్నా. (పారఫిన్ దాదాపు 56, 60 డిగ్రీల దగ్గర గానీ కరగదని అక్క తర్వాత చెప్పింది.)

ఇప్పుడు కొంచెం ఇంజనీరింగు. ఇది అర్థమైతే మిగతా అంతా అర్థమవుతుంది.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల ఫిల్టర్లు ఉంటాయి. ఒక్కో ఫిల్టరు, అంటే గ్లోమెరులస్, సన్న రక్తనాళాల ఉండ. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ నాళాల గోడలో ఒక పొర ఉంటుంది, బేస్‌మెంట్ మెంబ్రేన్. ఆత్రేయపురం పూతరేకు చాలా పల్చన అనుకుంటాం, ఈ పొర మందం 300 నానోమీటర్ల పైచిలుకు, అంతే. దానికి లోపలివైపు రక్తం. బయటివైపు పోడోసైట్లు అనే కణాలు, మర్రి ఊడల్లా కాళ్ళు చాపి పొరని పట్టుకుని ఉంటాయి. మెంబ్రేనస్‌లో జరిగేది ఏమిటంటే, ఆ పోడోసైట్ మీద ఉన్న ఏదో ఒక ప్రొటీన్ని మన సొంత యాంటీబాడీలు పరాయిదనుకుని పట్టుకుంటాయి. పొరకి బయటివైపు, పోడోసైట్ కాళ్ళ కింద, ఆ చెత్త గుట్టలు గుట్టలుగా పేరుకుంటుంది. జల్లెడ పాడవుతుంది.

మామూలు మైక్రోస్కోపుతో రెండు వస్తువులు విడివిడిగా కనపడాలంటే వాటి మధ్య కనీసం 200 నానోమీటర్లు ఉండాలి. అది లెన్సు ఖరీదు బట్టి మారేది కాదు, వెలుతురు స్వభావం. తొలిదశలో ఆ గుట్టలు చిన్నవి, చెదురుమదురుగా ఉంటాయి. అవి ఆ హద్దుకి కిందే పడిపోతాయి. అందుకని తొలిదశ మెంబ్రేనస్‌ని ఎంత పెద్ద నిపుణుడు చూసినా మామూలు మైక్రోస్కోపులో అది మినిమల్ చేంజ్ లాగే ఉంటుంది. చూసేవాడి తెలివి సమస్య కాదు, పిక్సెల్‌లో లేని సమాచారం జూమ్ చేస్తే రాదు కదా.

ఎరెన్‌రైక్, చర్గ్ అనే ఇద్దరు 1968లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి దీన్ని నాలుగు దశలుగా విడగొట్టారు. ఒకటో దశలో పొర మీద చెదురుగా గుట్టలు. రెండో దశలో, గుట్టల మధ్య ఖాళీల్లోంచి పొర తనే బయటికి మొలకలెత్తుతుంది, అవే స్పైకులు. మూడో దశలో ఆ మొలకలు గుట్టల మీదుగా వంగి కలిసిపోయి వాటిని మింగేస్తాయి. నాలుగులో గుట్టలు కరిగిపోయి, పొర మందంగా, ఎగుడుదిగుడుగా, అక్కడక్కడ ఖాళీలతో మిగులుతుంది. ఆ దశలు జబ్బు ఎంత కాలంగా ఉందో కొంచెం చెబుతాయి గానీ, రేపు ఏమవుతుందో చెప్పవట. అది నన్ను ఆశ్చర్యపరిచింది. నాలుగు దశలంటే క్యాన్సరు లెక్కలో ఆలోచించేస్తాం మనం.

ఒక శనివారం మధ్యాహ్నం అక్క వాళ్ళ డిపార్టుమెంటులో రెండు తలల మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాం. ఒక తలలోంచి తను, ఇంకో తలలోంచి నేను. బ్లాకుని మళ్ళీ 2 మైక్రాన్ల మందంతో కోయించి కొత్తగా రంగులు వేయించింది. పాత స్లైడులు మందంగా కోశారట. పొర మందానికి పదింతల మందం ఉన్న ముక్కలో ఆ పొర మీది గరుకుని వెతకడం, మూడు చీరలు ఒకదానిమీద ఒకటి పరిచి అంచు డిజైను చూడబోవడం లాంటిది అంది.

మొదటి రంగు మనందరం పుస్తకాల్లో చూసిన గులాబీ, వంగపండు కలిసిన హెచ్. అండ్ ఇ. గ్లోమెరులస్ అందంగానే ఉంది. కణాలు గుంపుగా పెరిగిపోలేదు. "ఇక్కడ చూడు, నాళాల గోడలు కొంచెం బిగుసుకుని, నిలువుగా తెరుచుకుని ఉన్నట్టు లేవూ?" అంది. నాకేం తేడా తెలీలేదు. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

రెండోది పి.ఎ.ఎస్., పొర ముదురు గులాబీలో వస్తుంది. మందం పెరిగిందేమో అనే అనుమానం కొంచెం బలపడింది. మూడోది ట్రైక్రోమ్. పొర నీలం, గుట్టలు ఎరుపు. రెండు చోట్ల నీలం గీత బయటి అంచున ఎర్రటి నలుసులు కనిపించాయి. అవి నిజమైనవో, రంగు సరిగ్గా కడగకపోవడం వల్ల మిగిలినవో చెప్పలేనంది. "ట్రైక్రోమ్‌ని ఒక్కదాన్నే నమ్మితే ఊళ్ళో అందరికీ మెంబ్రేనస్ ఉంటుంది."

నాలుగోది వెండి. సిల్వర్ మెథనమైన్, జోన్స్ స్టెయిన్ అంటారు. డేవిడ్ జోన్స్ 1950ల్లో, ఇలా వెండి రంగు వేసి చూసే, అప్పటిదాకా నెఫ్రోటిక్ జబ్బులన్నిటినీ ఒకే గాటన కట్టిన చోట మెంబ్రేనస్‌ని విడిగా చూపించాడు. కిటుకు చాలా సింపుల్. వెండి పొరని పట్టుకుని నల్లగా చేస్తుంది, గుట్టలని పట్టుకోదు. అంటే మనం చూసేది గుట్టల్ని కాదు, గుట్టలు లేని చోటుని. నల్లటి పొర, దానిమీద గుట్ట ఉన్నచోట ఖాళీ, దాని పక్కన నల్లటి మొలక, మళ్ళీ ఖాళీ, మళ్ళీ మొలక. పక్కనుంచి చూస్తే దువ్వెన పళ్ళు. పై నుంచి చూస్తే, అంటే కోత పొరకి ఏటవాలుగా పడ్డచోట, నల్లటి కాగితం మీద గుండుసూదితో పొడిచిన బెజ్జాలు.

అక్క 40ఎక్స్ లెన్సులో మొదలుపెట్టి, ఒక చుక్క నూనె వేసి 100ఎక్స్‌కి మారింది. ఫోకస్ చక్రాన్ని అర మిల్లీమీటరు అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో నాళం గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళింది. పది నిమిషాలు ఒక్క మాట లేదు. నాకు తెలిసి ఏ కోడ్ రివ్యూలోనూ ఎవరూ ఒక ఫంక్షన్ని అంతసేపు చూడలేదు :)

"ఇదిగో."

నిజానికి నేను పెద్ద పెద్ద ముళ్ళు ఊహించుకున్నా. పాఠ్యపుస్తకాల్లో వేసే ఫోటోలు అలాగే ఉంటాయి. నాన్నవి పళ్ళు కూడా కాదు, గడ్డం గీసిన మర్నాటి గరుకు. నల్ల గీత బయటి అంచు నునుపుగా లేదు, అంతే. ఇంకో నాళం ఏటవాలుగా తెగిన చోట, లెక్కపెడితే ఏడెనిమిది బెజ్జాలు. పక్క నాళంలో ఏమీ లేదు, నునుపు. ఆ "పక్కదాంట్లో లేదు" అన్న విషయాన్ని అక్క కాగితం మీద రాసుకుంది. నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాత వారం ఇమ్యునోఫ్లోరసెన్స్. ఫార్మలిన్‌లో వేశాక అది కుదరదనే నేను అనుకున్నా. కానీ మైనం దిమ్మలోంచి కోసిన ముక్కని ప్రొనేజ్ అనే ఎంజైముతో కాసేపు నానబెడితే, ఫార్మలిన్ ముడులు కొంచెం వదులై, లోపల దాక్కున్న యాంటీబాడీలు మళ్ళీ దొరుకుతాయట. తాజా ముక్కంత బాగా రాదు, కానీ ఏమీ లేనిచోట అదే దిక్కు. చీకటి గదిలో ఆకుపచ్చ వెలుగులో చూడాలి. ఐ.జి.జి. వేసిన ముక్కలో నాళాల గోడల వెంట ఆకుపచ్చ రవ్వ చల్లినట్టు ఉంది. గీత గీసినట్టు ఉంటే వేరే జబ్బు, ఇది ముగ్గు పెట్టబోయే ముందు పెట్టే చుక్కల్లా చుక్కలు చుక్కలుగా ఉంటే ఇది. మినిమల్ చేంజ్‌లో అసలు ఏమీ ఉండదు, చీకటే. ఆ క్షణానికి మొదటి రిపోర్టు చెల్లిపోయింది.

పేరు మారితే ఏం మారుతుంది అంటారా? మినిమల్ చేంజ్‌కి స్టెరాయిడ్లే మొదటి మందు, పెద్దవాళ్ళకి అవసరమైతే 16 వారాల దాకా అదే మోతాదు లాగుతారు. మెంబ్రేనస్‌కి స్టెరాయిడ్లు ఒక్కటే ఇస్తే ఉపయోగం లేదు. నాన్నకి ఇంకో 13 వారాలు షుగరు, ఎముకలు పాడుచేసుకోవడం తప్ప ఒరిగేది ఏమీ ఉండేది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. నెఫ్రోటిక్ జబ్బులన్నిటిలోకీ రక్తం గడ్డకట్టే ప్రమాదం మెంబ్రేనస్‌లో ఎక్కువ, ఆల్బుమిన్ పడిపోయినకొద్దీ మరీను. 1.9 ఆల్బుమిన్‌తో నాన్న మూడు వారాలు కాళ్ళు చాపుకుని ఇంట్లో పడుకుని ఉన్నాడు. కొత్త డాక్టరు గారు ఆ రోజే రక్తం పల్చబడే మందు మొదలుపెట్టారు.

ఇక ప్రశ్న, ఎందుకొచ్చింది? ఇక్కడ 2009 అనేది పెద్ద మలుపు. అప్పటిదాకా ఎలుకల్లోనే (హేమన్ అనే ఆయన 1959లో చేసిన ప్రయోగం) దీని గురించి తెలుసు, మనుషుల్లో యాంటీబాడీలు దేన్ని పట్టుకుంటున్నాయో తెలీదు. 2009లో బెక్, సలాంట్ బృందం 37 మంది రోగుల రక్తం పరీక్షిస్తే 26 మందిలో ఒకే ప్రొటీన్ మీద యాంటీబాడీ దొరికింది. దాని పేరు పి.ఎల్.ఎ.2.ఆర్. ఇప్పుడు అది మామూలు రక్తపరీక్ష. 2021 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, నెఫ్రోటిక్ లక్షణాలుండి ఆ పరీక్ష పాజిటివ్ వస్తే చాలామందికి బయాప్సీ లేకుండానే మెంబ్రేనస్ అని ఖాయం చెయ్యొచ్చు. ఒక సూదిపోటు తప్పినట్టే.

నాన్నకి నెగెటివ్. రక్తంలోనూ లేదు, ముక్కలోనూ లేదు.

అక్క అప్పుడు ఆ కాగితం తీసింది. "ఒక నాళంలో ఉండి పక్క నాళంలో లేకపోవడం గుర్తుందా? నెల్-1 వేద్దాం." నెల్-1 అనేది ఈ జబ్బులో బయటపడ్డ ఇంకో ప్రొటీన్. మేయో క్లినిక్‌లో సేఠీ బృందం 2020లో ప్రకటించింది. వాళ్ళు చేసిన పద్ధతి నాకు తెగ నచ్చింది. స్లైడు మీది గ్లోమెరులైలని లేజరుతో కత్తిరించి, మాస్ స్పెక్ట్రోమీటరులో వేసి, మామూలు కిడ్నీలో లేని ప్రొటీన్ ఏదుందో వెతికారు. అచ్చం రెండు ఫైళ్ళ మధ్య డిఫ్ తీసినట్టే. ఈ నెల్-1 రకంలో గుట్టలు తరచుగా అన్ని నాళాల్లోనూ కాకుండా కొన్నిట్లోనే ఉంటాయట. ఆ గరుకు, ఆ నునుపు పక్కపక్కన ఉండటం తనకి అందుకే అనుమానం కలిగించింది.

పాజిటివ్ వచ్చింది. ముక్కలో గోధుమ రంగు చుక్కలు, మళ్ళీ అక్కడక్కడే.

నెల్-1 అని తెలియగానే రెండు పనులు జరిగాయి. ఒకటి, క్యాన్సరు వెతకడం, ఎందుకంటే పాశ్చాత్య దేశాల్లో ఈ రకం ఉన్నవాళ్ళలో గణనీయమైన భాగానికి ఎక్కడో క్యాన్సరు బయటపడింది. సీటీ స్కాన్లు, కొలనోస్కోపీ, ప్రోస్టేట్ పరీక్ష. ఆ వారం గురించి రాయను. ఏమీ లేదని తేలింది.

రెండోది, అక్క మా అమ్మకి ఫోన్ చెయ్యడం. నాన్నకి కాదు, అమ్మకే! "పిన్నీ, బాబాయ్ ఏం మందులు మింగుతున్నాడు? డాక్టరిచ్చినవి కాదు, మిగతావి."

నాన్న అప్పటిదాకా ముగ్గురు డాక్టర్లకి "ఏమీ వాడట్లేదండీ" అని చెప్పాడు. అది అబద్ధమని ఆయన అనుకోలేదు. ఆయన లెక్కలో అది మందు కాదు, చెట్టు మందు. మోకాళ్ళ నొప్పులకి పక్క ఊళ్ళో గురువారం గురువారం కూర్చునే ఒకాయన ఇచ్చే పొడి, తేనెలో కలుపుకుని పొద్దున్నే. ఏడాదిగా. బాగా పనిచేసిందట కూడా. అమ్మ దేవుడి గూటిలోంచి పొట్లం తీసి చూపించింది. ఎర్రటి పొడి, పేరు లేదు, ఊరు లేదు, తయారీ తేదీ అసలే లేదు. రక్తంలో, మూత్రంలో పాదరసం పరీక్ష చేయిస్తే రెండూ హద్దు దాటే ఉన్నాయి.

ఇది మా ఇంటి వింత కాదు. మన దేశంలోని పరిశోధకులు 2022లోనే రాశారు: వాళ్ళు చూసిన నెల్-1 మెంబ్రేనస్ రోగుల్లో పలువురు నాటు, సంప్రదాయ మందులు వాడినవాళ్ళు, పరీక్షించిన మందుల్లో పాదరసం ఉంది, ఆపేశాక చాలామందికి తగ్గింది. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో 2021 జులై, 2023 సెప్టెంబరు మధ్య చూసిన 22 మెంబ్రేనస్ కేసుల్లో 15 నెల్-1. ఆ 15లో 13 మంది తెల్లబడే క్రీములు పూసుకున్నవాళ్ళు. అక్కడా పాదరసమే. కాబట్టి ఇది పల్లెటూరి ముసలివాళ్ళ గోల అని, హైటెక్ సిటీలో కూర్చున్న మనకేంటని అనుకోవద్దు. అమ్మకానికి దొరికే ప్రతి ఊరూ పేరూ లేని క్రీమూ ఇందులోకే వస్తుంది.

ఆయుర్వేదాన్ని తిట్టడానికి ఈ కథ వాడుకునేవాళ్ళుంటారు, వెనకేసుకొచ్చి నన్ను తిట్టేవాళ్ళూ ఉంటారు. నా వరకు గొడవ ఒక్కటే. పాదరసం రసశాస్త్రంలో ఉన్న సంగతి వాళ్ళే దాచరు. కానీ పొట్లం మీద ఏముందో రాయకుండా ఇచ్చేవాడు ఏ శాస్త్రానికి చెందినవాడూ కాదు. ఎరువు బస్తా మీద ఎన్.పి.కె. శాతాలు రాయకపోతే మా నాన్న సరుకు దింపుకోడు. ఆ మాట ఆయనతో అంటే నవ్వి ఊరుకున్నాడు.

మా ఆఫీసులో ఈ కథ చెబితే ఒకాయన వెంటనే, "స్లైడులు స్కాన్ చేసి మోడల్ ట్రైన్ చేస్తే సరిపోద్దిగా, పాథాలజిస్టు ఎందుకు" అన్నాడు. చెయ్యొచ్చు. గ్లోమెరులైలని లెక్కపెట్టే, స్పైకులని పట్టుకునే ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి, మంచివే. కానీ నాన్న కేసులో తప్పింది ఎక్కడో చూడండి. రెండు ముక్కలూ ఒకే సీసాలో వేసినచోట. ముక్క మందంగా కోసినచోట. "చెయ్యలేదు" అని చిన్న అక్షరాల్లో రాసి వదిలేసినచోట. ఆ పాత మందపు స్లైడుని ఎంత గొప్ప మోడల్‌కి ఇచ్చినా అదీ మినిమల్ చేంజ్ అనే అనేది, బహుశా 97 శాతం నమ్మకంతో. పైగా ఆ గరుకు చూసి దేవుడి గూటిలో పొట్లం దాకా వెళ్ళే ప్రశ్న వేసింది పిన్ని సంగతి తెలిసిన మనిషి. కెమెరాలకీ, మోడళ్ళకీ పెట్టే ఖర్చులో కొంత జిల్లా కేంద్రాల్లో ఒక ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుకీ, రెండో సీసాకీ పెడితే చాలా నాన్నలకి 60 మిల్లీగ్రాములు తప్పుతాయి. ఇది నా అభిప్రాయం, ఒప్పుకోకపోతే వ్యాఖ్యల్లో కొట్లాడుకుందాం.

ఆచరణకి పనికొచ్చే ముక్క ఒకటి చెప్పి ముగిస్తా. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ బయాప్సీ అంటే, ముందే అడగండి: ఐ.ఎఫ్. కోసం ముక్క వేరుగా తీస్తారా, ఎక్కడికి పంపుతారు? అడిగితే ఎవరూ కొట్టరు. మొహం చిట్లిస్తారు, అంతే.

నాన్న స్టెరాయిడ్లు మెల్లిగా తగ్గించి ఆపేశారు. పొడి ఆగిపోయింది. రిటుక్సిమాబ్ లాంటి పెద్ద మందుల జోలికి వెళ్ళకుండా, ప్రొటీన్ పోవడం తగ్గించే బీపీ మాత్ర, రక్తం పల్చబడే మందు, ఉప్పు తగ్గించడం. అక్టోబరులో పొడి ఆపితే, 2025 జనవరికి ప్రొటీన్ 3.9, మే నెలకి 1.2, సెప్టెంబరుకి 0.3. షుగరు కూడా దానంతటదే దిగింది. మోకాళ్ళ నొప్పులు మాత్రం తిరిగొచ్చాయి, రోజుకి రెండుసార్లు మాకు గుర్తుచేస్తాడు. ఆ గురువారం ఆయన దగ్గరికి రిపోర్టులు పట్టుకుని వెళ్ళాడట కూడా. "మీ ఒంటికి పడలేదండీ" అన్నాడట ఆయన. వరసలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు నాన్న మాట విని లేచొచ్చేశారు, మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు.

బ్లాకు నా దగ్గరికి తిరిగొచ్చింది. అందులో ఇంకా నాలుగైదు గ్లోమెరులైలు మిగిలి ఉండొచ్చని అక్క లెక్క. మళ్ళీ ఎప్పుడైనా కొత్త ప్రొటీన్ ఏదైనా కనిపెడితే పనికొస్తుంది, దాచమంది. ఎక్కడ పెట్టాలని నాన్ననడిగితే, "పొలం కాగితాల పక్కన పెట్రా" అన్నాడు. బీరువాలో అక్కడే ఉంది, జిప్‌లాక్ కవర్లో.